బాయిలర్ మూత తెరిచిందెవరు?

"ఆరోజు ఈ ఇంట్లోకి ఎవరెవరొచ్చినారు?" మెట్లెక్కుతూనే అడిగింది కిరణ్మయి.

"ఎవరెవరేంటండి? ఒక్కడే. ఆ మస్తాన్." వెనకాలే వస్తున్న ఇంటాయన హర్షవర్ధన్ ఆ పేరుని అన్నంలో తగిలిన రాయిలా ఉమ్మాడు. "పొద్దున్నే వచ్చాడు. బాయిలర్ బాగైపోయిందని చెప్పి చక్కా పోయాడు. సాయంత్రానికి మా ఆవిడ ప్రవల్లిక స్పృహ తప్పి పడుంది. ఇందులో డిటెక్టివ్‌కి పనేముందండి? మీరు అతని తరఫున వచ్చారని తెలిసీ లోపలికి రానిచ్చానంటే, ప్రవల్లిక చెప్పింది కాబట్టి. లేకపోతే గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదు."

కిరణ్మయి పైకి చేరింది. పడగ్గది పక్కనున్న అల్మరా ముందు ఆగింది.

మూడు రోజుల కిందట ఇంగ్లండ్‌లోని స్లౌ అనే ఊళ్ళో, ఈ ఇంట్లో, ఈ అల్మరాలో ఉన్న, ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ నుంచి వాసనే తెలీని విషగాలి, కార్బన్ మోనాక్సైడ్ లీకైంది. పక్కగదిలో పడుకున్న ప్రవల్లికకు ఆ సంగతే తెలీదు. కింద వంటింట్లో ఉన్న, ఆ గాలిని పసిగట్టే అలారం ఆలస్యంగానైనా మోగింది. పక్కింటివాళ్ళు విని తలుపు పగలగొట్టబట్టి ఆమె ప్రాణాలతో ఆసుపత్రికి చేరింది. తప్పంతా ఇంజనీరు మస్తాన్‌దేనని నెలనెలా కట్టించుకుని ఇంటి రిపేర్లు చేయించే హోమ్ వారంటీ కంపెనీ వార్మ్‌స్టెడ్ మర్నాటికే తేల్చేసింది. మస్తాన్ ఆ కంపెనీ ఉద్యోగి కూడా కాదు. పిలిస్తే వెళ్ళి పనిచేసే కాంట్రాక్టు మనిషి. అతని గ్యాస్ లైసెన్స్ ఆపేశారు. పోలీసులు రెండుసార్లు పిలిపించారు. నెల్లూరులో అప్పుచేసి ఈ దేశం వచ్చి, కష్టపడి తెచ్చుకున్న లైసెన్స్ అది. నిన్న లండన్ శివారు క్రోయిడన్‌లో కిరణ్మయి ముందు కూర్చుని, "మూత నేను తియ్యనే లేదు మేడమ్, ఆ పని అవసరమే పడలేదు" అని ఒకే మాటని తిప్పితిప్పి చెప్పాడు.

ఆ కేసు కిరణ్మయి ఒప్పుకున్నది జాలితోనే అంటే అబద్ధమవుతుంది. తప్పు మస్తాన్‌దని తేల్చిన మనిషి పేరు విజయభాస్కర్. ఆ పేరు విన్నాకే ఆమె సరేనంది.

విజయభాస్కర్, ఆమె ఒకేరోజు వార్మ్‌స్టెడ్‌లో చేరారు. ఎవరి క్లెయిము నిజమో, ఎవరిది దొంగదో ఇంటికెళ్ళి తేల్చే పని. చేరిన కొత్తలో బాయిలర్‌కీ గీజర్‌కీ తేడా తెలీని విజయవాడ కుర్రాడికి ఓనమాలు దిద్దించింది ఆమె. కానీ ఆమెకు వారం పట్టే కేసుని అతను ఒక్క పూటలో తేల్చి వచ్చేవాడు. ఎలాగో ఆమెకు ఎన్నడూ అంతుబట్టలేదు. కోతలొచ్చినప్పుడు ఆమె ఉద్యోగం పోయింది. అతను ఆ విభాగానికే పెద్దయ్యాడు. ఇప్పుడామె క్రోయిడన్‌లో ఇంట్లోని చిన్న గదినే ఆఫీసు చేసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ పని చేస్తోంది. అతను అవార్డు అందుకుంటున్న ఫొటో ఫోన్‌లో కనిపిస్తే లైకు కొట్టేది కాదు. అలాగని ముందుకు జరిపేదీ కాదు. టీ చల్లారిపోయేదాకా అలా చూస్తూ కూర్చునేది.

అల్మరా తలుపు తెరిచింది. గ్యాస్ ఎమర్జెన్సీ వాళ్ళు ఆరోజే గ్యాస్ కట్టేసి, వాడకూడదని ఎర్ర చీటీ వేలాడదీసి వెళ్ళారు. టార్చి వేసి బాయిలర్ ముందు మూతని పట్టి చూసింది. నాలుగు స్క్రూలకీ దుమ్ముతో కలిసిన పాత పెయింటు ఉండాలి. లేదు. గాళ్ళలో లోహం తళతళా మెరుస్తోంది. ఒకదాని పక్కన స్క్రూడ్రైవర్ జారిన గీత. కింద కుడిమూల మూతకీ పెట్టెకీ మధ్య వేలిగోరు పట్టేంత సందు.

ఎవరో తెరిచారు. చేతకాని వాళ్ళెవరో తెరిచి, తొందరలో మూశారు.

తెరవడం తనకూ కుదరదు. ఈ దేశంలో గ్యాస్ రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఆ మూత తీస్తే జైలు. టార్చి ఆర్పి వెనక్కి తిరిగింది.

"హర్షగారూ, మొదట్లో మీ దగ్గర చిన్న ప్లాన్ ఉండేది కదా?"

"ఆయ్. తక్కువ కట్టే రకం."

"దాంట్లో మనిషిని పిలిచిన ప్రతిసారీ మన వాటా కొంత చేతినుంచి కట్టాల. ఎక్సెస్ అంటారు. ఏడాదికి ఇన్నిసార్లేనని హద్దు కూడా ఉంటుంది. చలికాలం మొదట్లో మీరు అన్నింటికన్నా పెద్ద ప్లాన్‌కి మారినారు. ఎందుకు?"

"బాయిలర్ పాతది కదండి. పదకొండేళ్ళది. ఎప్పుడేమొస్తుందోనని."

"పాతదానికే ఆ ప్లాన్ దండగ. బాయిలర్ పూర్తిగా పోతే కొత్తది ఇస్తామంటారు చూడండి, దానికోసమే అంత కట్టేది. ఏడేళ్ళు దాటితే అది రాదు. మీరు చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. కింద మీ ఫ్రిజ్‌లో పాల డబ్బా మీద కూడా తెరిచిన తేదీ రాసి ఉండాది. అట్లాంటి మనిషి, తనకు దక్కనిదానికి ఎందుకు కడతాడు?"

హర్షవర్ధన్ చలికి ఇంట్లోనే వేసుకున్న కోటు గుండీ ఒకటి పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నేను చెప్పనా? పెద్ద ప్లాన్‌లో ఎన్నిసార్లు పిలిచినా చేతినుంచి పడేది లేదు. వచ్చే ఇంజనీరుని మనమే కోరుకోవచ్చు. మీరు ప్రతిసారీ మస్తాన్‌నే కోరుకున్నారు. పేరు చెప్తేనే మండిపడే మనిషిని మళ్ళీ మళ్ళీ మీ ఇంటికి మీరే ఎందుకు పిలిపించినారు?"

అతను గోడకి ఆనుకున్నాడు.

"చూద్దామని," అన్నాడు.

"ఏమి చూద్దామని?"

"వాడొచ్చినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో." చూపు మెట్ల కిందికి, వంటింటి వైపు పోయింది. "మొదటిసారి వాడొచ్చిన రోజు నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశానండి. వంటింట్లో టీ తాగుతూ నవ్వుకుంటున్నారు. నేనొచ్చాక నవ్వాగిపోయింది. అంతే. ఇంకేం లేదు. కానీ ఆ ఆగిపోవడం నన్ను నిద్రపోనివ్వలేదు. ఆఫీసుకెళ్ళే ముందు వేణ్ణీళ్ళు తిరిగే రేడియేటర్ పక్కన చిన్న మర ఉంటుంది కదండి, అది తిప్పి నీళ్ళు కాస్త వదిలేసేవాణ్ణి. ప్రెషర్ పడిపోయి బాయిలర్ ఆగిపోయేది. ఆవిడ నాకు ఫోన్ చేసేది. నేను మస్తాన్‌ని బుక్ చేసేవాణ్ణి. ఆఫీసులో కూర్చుని డోర్‌బెల్ కెమెరాలో చూసేవాణ్ణి, ఎప్పుడొచ్చాడు, ఎంతసేపున్నాడు..."

"మస్తాన్ ఆమెని ఏమని పిలుస్తాడో తెలుసునా?"

"అక్కా అని."

"మరి?"

"పైకి అలాగే అంటారు కదండి," అన్నాడు హర్షవర్ధన్ మొండిగా. అన్నాక తనకే సిగ్గేసినట్టు తల దించుకున్నాడు.

వేరే ఎవరైనా అయితే ఆ క్షణంలో అతన్ని అసహ్యించుకునేవారు. కిరణ్మయికి ఆ అవకాశం లేదు. పాము కాళ్ళు పాముకెరుక. గిట్టని మనిషి కళ్ళముందు లేకపోతే ఊపిరాడని బాధ ఎలాంటిదో ఆమెకు తెలుసు.

"ఈ మూత తెరిచినారా మీరు? నిజం చెప్పండి."

"ఒట్టండి. మాకింకా పిల్లల్లేరు, పుట్టబోయే పిల్లల మీద ఒట్టు. గ్యాస్ అంటేనే నాకు భయం. నీళ్ళు వదలడం తప్ప ఏమీ చెయ్యలేదు."

నమ్మింది. అసూయపడేవాడు రోజూ చూడ్డానికి చేస్తాడు, ఒక్కదెబ్బతో ముగించడానికి కాదు. పైగా నీళ్ళు తగ్గిన బాయిలర్‌కి కింద గొట్టం దగ్గర కుళాయి తిప్పి నీళ్ళు నింపితే సరిపోతుంది. మస్తాన్‌కి మూత తీసే పనే లేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

మరి తెరిచిందెవరు?

బయట వ్యాను ఆగిన చప్పుడైంది. బెల్లు మోగింది. హర్షవర్ధన్ కిందికెళ్ళాడు. మెట్ల మీద వినిపించిన గొంతుని కిరణ్మయి వెయ్యిమందిలోనైనా గుర్తుపడుతుంది.

"హర్షగారూ, శుభవార్త! మీకు కొత్త బాయిలర్ తెచ్చాం. మీరు పెన్నీ ఇవ్వక్కర్లేదు. రేపు మేడమ్ డిశ్చార్జ్ అయి వచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉంటుంది."

విజయభాస్కర్ పైకొచ్చాడు. నల్లటి ఉన్ని కోటు, మెడలో ఐడీ కార్డు, ఒత్తిడన్నది ఎరగని మొహం. కిరణ్మయిని చూసి ఆఖరి మెట్టు దగ్గర ఆగి, మళ్ళీ నవ్వాడు.

"ఏవిటి కిరణ్, స్లౌ దాకా వచ్చావు? క్రోయిడన్‌లో కేసులు దొరకడం లేదా?"

"దొరుకుతాండాయి. ఇక్కడ దొంగ దొరుకుతాడేమోనని వచ్చినా."

అతని వెనక హర్షవర్ధన్ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కొత్త బాయిలర్! ఆ కృతజ్ఞత చూసి కిరణ్మయికి కడుపులో మండింది. ఎక్కడికెళ్ళినా ఇంతే. తను ప్రశ్నలు మోసుకెళ్తుంది, వీడు వరాలు తెస్తాడు.

"పదకొండేళ్ళ బాయిలర్‌కి కొత్తది ఇస్తాండారా? మీ రూలేమి, భాస్కర్?"

"మానవత్వం అనుకో. రూల్స్ మనుషుల తర్వాతే."

"కొళాయి వాషర్ అరిగిపోతే, అరుగుదల మా కవర్‌లో లేదని ముసలామెని తిప్పి పంపినోడివి. నీకెప్పుడొచ్చింది మానవత్వం? ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చేది వచ్చేవారం. ఆయన చూడకముందే పాతది పీకేస్తావా?"

"ఫొటోలన్నీ ఉన్నాయి. తప్పు మా కాంట్రాక్టర్‌దేనని మేమే ఒప్పుకున్నాం. ఇంకేం చూడాలి?" దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు మస్తాన్ కోసం వచ్చావని నువ్వే నమ్ముతున్నావా? నాకోసం వచ్చావు. నేను కిందపడితే చూడాలని. నీకు నేనంటే ఎంత మంటో ఆఫీసులో స్వీపర్‌కి కూడా తెలుసు కిరణ్. నువ్వేం కనిపెట్టినా ఎవడూ నమ్మడు."

ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు. వ్యాను దగ్గర ఫిట్టర్‌కి ఏదో పురమాయిస్తున్నాడు. కొత్త బాయిలర్ చూడ్డానికి హర్షవర్ధన్ కూడా వెంట వెళ్ళాడు.

కిరణ్మయి చెంప చెళ్ళుమన్నట్టు నిలబడిపోయింది. అతనన్నది నిజమే. అందుకే భయమేసింది. ఇచ్చే హక్కులేని బాయిలర్ ఇస్తున్నాడంటే పాతది మాయం చెయ్యడానికే అని ఆమె మనసు ఇప్పటికే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు బుద్ధిదా, మంటదా? వీడే కావాలని కోరుకుంటోంది కాబట్టి వీడే కనిపిస్తున్నాడా?

పొద్దున ఆసుపత్రిలో ప్రవల్లిక చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. మంచం మీద నీరసంగా, ఆగి ఆగి చెప్పింది. "మస్తాన్ వచ్చాడు... ప్రెషర్ తగ్గిందక్కా అన్నాడు, సరిచేసి వెళ్ళాడు... జలుబు చేసి పడుకుందామనుకున్నా... కంపెనీ ఆయన మూత బిగించేసి, ఇక మీరు రెస్ట్ తీసుకోండమ్మా అని చెప్పి వెళ్ళారు..." విషగాలి తలకెక్కి మాటలు కలగాపులగం అవుతున్నాయని నర్సు అంది. కిరణ్మయీ అలాగే అనుకుంది. పోలీసులూ అలాగే అనుకుని ఉంటారు. వాళ్ళకి తెలుగు ఎవరు విడమరిచి చెప్తారు?

మస్తాన్ *వచ్చాడు*. కంపెనీ ఆయన *వెళ్ళారు*.

తమ్ముడిలా చూసే కుర్రాణ్ణి ఒక నోటితో వాడు అని, అదే నోటితో ఆయన అనదు ఏ తెలుగు ఆడదీ. విషగాలి తలకెక్కినా సరే. ఆమె చెప్పింది ఇద్దరి గురించి.

హర్షవర్ధన్ పైకొచ్చాడు. కిరణ్మయి ఏ పేరూ ఎత్తకుండా అడిగింది. "ఆరోజు మస్తాన్ పోయినాక కెమెరాలో ఇంకెవరన్నా కనబడినారా?"

"వచ్చారండి. ఒకాయన. గొడుగు అడ్డముంది, మొహం కనబడలేదు. మెడలో కంపెనీ కార్డు ఉంది. పెద్దమనిషిలా ఉన్నారని నేను పట్టించుకోలేదు."

"మరి అందరికీ ఒక్కడే వచ్చినాడని చెప్పినారే?"

"నాకు... నాకు వాడొక్కడే గుర్తున్నాడండి." చెప్తూంటే అతనికే ఆ మాట వింతగా తోచింది.

"వీడియో ఉందా?"

"చెరిపేశాను. పోలీసులు చూస్తే నా నిర్వాకం బయటపడుతుందని."

అసూయకు ఒక్క మొహమే కనిపిస్తుంది. మిగిలిన లోకమంతా గొడుగు కింద ఉండిపోతుంది. ఇక సాక్ష్యం చెప్పాల్సింది బాయిలర్ ఒక్కటే.

విజయభాస్కర్, ఫిట్టర్ గ్యారీ పనిముట్లతో వచ్చారు. కిరణ్మయి అల్మరాకి అడ్డంగా నిలబడింది.

"గ్యారీ, నీకు గ్యాస్ లైసెన్స్ ఉండాది కదా? కిందికి దించేముందు ఈ మూత తీసి చూపించు. లోపల ఏదీ ముట్టుకోవద్దు. నీ ఫోన్‌లో వీడియో తియ్యి," అంది ఇంగ్లీషులో.

"అక్కర్లేదు. మొత్తం దించెయ్," అన్నాడు విజయభాస్కర్.

గ్యారీ ఇద్దరినీ చూసి, ఇంటాయన వైపు తిరిగాడు. "ఇల్లు మీది. ఏం చెయ్యమంటారు?"

హర్షవర్ధన్ చూపు ఒకసారి వ్యాను వైపున్న కిటికీ మీదికి, ఒకసారి ఖాళీగా ఉన్న పడగ్గది మంచం మీదికి పోయింది. కొత్త బాయిలర్ చేజారిపోతుందని అతనికి తెలుసు.

"తియ్యండి," అన్నాడు.

మూత ఊడింది. చుట్టూ ఉండాల్సిన రబ్బరు పట్టీ కుడిమూలలో మడతపడి నలిగిపోయి ఉంది. విషగాలి బయటికొచ్చిన దారి అదే. గ్యారీ ఈల వేసి ఏదో తిట్టాడు. కిరణ్మయి చూపు ఆ పట్టీ మీద లేదు. లోపలి రేకు మీద, చూడాల్సినచోట, పెయింట్ పెన్నుతో పెట్టిన చిన్న పసుపు టిక్కు ఉంది.

ఇక్కడిదాకా తనిఖీ అయింది అని గుర్తు. ఇంజనీర్లెవరూ అలా పెట్టరు. ఆ అలవాటు వార్మ్‌స్టెడ్‌లో ఇద్దరికే ఉండేది. ఒకరు నేర్పినవాళ్ళు, ఒకరు నేర్చుకున్నవాళ్ళు.

"నీ టిక్కు, భాస్కర్."

అతను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నాదా? నాకు నేర్పింది నువ్వే కదా. ఆ పెన్ను ఇప్పుడు ఎవరి సంచిలో ఉంది? తీసి చూపించు." గ్యారీ ఫోన్ వైపు తిరిగి ఇంగ్లీషులో స్పష్టంగా అన్నాడు. "ఈవిడ మా పాత ఉద్యోగి. నామీద కక్ష. ఇందాకట్నుంచి ఈ అల్మరా దగ్గరే ఉంది. హర్షగారూ, మీరు ఆవిణ్ణి ఒంటరిగా వదల్లేదు కదా?"

"బెల్లు కొడితే... కిందికొచ్చాను," అన్నాడు హర్షవర్ధన్ అయోమయంగా.

పెన్ను నిజంగానే ఆమె సంచిలో ఉంది. మస్తాన్ పోతాడు, తనూ పోతుంది. పైగా, అక్కసుతో సాక్ష్యం పుట్టించింది అంటే కాదని చెప్పే మనిషి ఊళ్ళో ఒక్కరు ఉండరు. తనే తనని గట్టిగా నమ్మలేకపోయింది కదా ఇందాక.

టిక్కు వైపు మళ్ళీ చూసింది. పసుపు. కానీ నిండు పసుపు కాదు. అంచులు ముదిరి, కమిలిన రొట్టె రంగుకి తిరిగాయి.

సంచిలోంచి పెన్ను తీసి, గ్యారీ ఫోన్ ముందు తన అరచేతిలో ఒక టిక్కు పెట్టింది. నిమ్మపండులా మెరిసింది. ఆ చేతిని లోపలి టిక్కు పక్కన పట్టింది, తగలనివ్వకుండా.

"రెండూ చూడు భాస్కర్. నాది పచ్చిగా ఉండాది. అది వేడికి మాడింది. ఈ బాయిలర్ మండింది ఆఖరిసారి ఎప్పుడు? ప్రవల్లిక పడిపోయిన రోజు. ఆ సాయంత్రమే గ్యాస్ కట్టేసినారు. అప్పట్నుంచి ఇల్లంతా మంచుగడ్డ మాదిరి ఉంది. నేను ఈ గుమ్మం తొక్కింది ఈరోజు. ఈ టిక్కు, బాయిలర్ మండుతాండగా లోపల ఉండాది."

విజయభాస్కర్ ఆ అరచేతినే చూస్తున్నాడు. మొహంలోని నునుపు ఎక్కడిదక్కడ జారిపోయింది. ఉన్నట్టుండి అతను చాలా అలసిపోయిన మనిషిలా కనిపించాడు.

"ఇన్నిసార్లు పిలుస్తున్నారంటే బాయిలర్‌ని వీళ్ళే కావాలని కెలుకుతున్నారనుకున్నా," అన్నాడు మెల్లగా, తెలుగులో. "రుజువు దొరికితే క్లెయిములు కొట్టెయ్యొచ్చు. లైసెన్స్ ఉన్నవాణ్ణి వెంటబెట్టుకు రావాలంటే రోజులు పడుతుంది. నాలుగు స్క్రూలే కదా అని..."

నాలుగు స్క్రూలు. ఆమెకు వారం పట్టే కేసు అతనికి ఒక్క పూట. ఇన్నేళ్ళూ ఏ తెలివిని చూసి కుళ్ళిపోయిందో, ఏ వేగాన్ని తల్చుకుని రాత్రుళ్ళు పొర్లిందో, అది ఒక స్క్రూడ్రైవర్! కిరణ్మయికి సంతోషం కలగలేదు. దోచుకుపోయిన ఇంట్లో నిలబడినట్టనిపించింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది.

"భాస్కర్. నువ్వట్ల తెరిచింది ఈ ఒక్క ఇల్లేనా?"

అతను కిటికీలోంచి వీధి అవతలికి చూస్తున్నాడు. ఎదురింటి గోడలోని గొట్టంలోంచి తెల్లటి ఆవిరి చిక్కగా వస్తోంది. హీటింగ్ నడుస్తోంది.

"ఆ ఇల్లు కూడానా?"

"అదే రోజు. ఇక్కడయ్యాక." అతను కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించాడు. "ఆవిడ కూడా ఊరికే పిలుస్తుందని... కిరణ్, ఈ చలికాలమంతా నేను..."

గ్యారీకి తెలుగు రాకపోయినా ఆ చూపు అర్థమైంది. పనిముట్లు అక్కడే పడేసి మెట్లవైపు పరుగెత్తాడు.

"అందులో ఎవరుంటారు?" కిరణ్మయి హర్షవర్ధన్ భుజం పట్టి కుదిపింది.

"కమలాదేవి ఆంటీ అండి. ఒక్కరే ఉంటారు. తెల్లారకుండానే లేచి కర్టెన్లు తీసేస్తారు, ఎండ రావాలని..."

అతనూ కిటికీ వైపు తిరిగాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎదురింటి మేడమీద కర్టెన్లు ఇంకా మూసే ఉన్నాయి.